బెర్నిస్ పాత్రలో కొత్తావిడ

రాజ్యాలు ఏ ఏట కూలాయో, ఏ సంధి మీద ఎవరెవరు సంతకాలు పెట్టారో చరిత్రకారులు శ్రద్ధగా రాసిపెట్టారు. ఈరీ సరస్సు ఒడ్డున మా కోల్టన్ ఊళ్ళో మధ్యాహ్నం ఒంటిగంటకు ఫోను మోగితే ఎత్తకూడదన్న నియమం ఎప్పుడు అమల్లోకి వచ్చిందో మాత్రం ఒక్కరూ రాయలేదు. ఇది క్షమించరాని లోపం. ఆ నియమం కింద మేయరు సంతకం లేదు, కోర్టు ముద్ర లేదు. అయినా వీధి మలుపులో ఎర్రదీపానికి లేని గౌరవం మా ఊళ్ళో దానికి ఉండేది. పళ్ళ డాక్టరు ఆ వేళకు ఎవరినీ రమ్మనేవాడు కాదు. రమ్మన్నా వచ్చి నోరు తెరిచేవాళ్ళు లేరు. ఒకసారి కొత్తగా వచ్చిన పాస్టరు తెలియక ఒక పెద్దాయన అంత్యక్రియలు ఒంటిగంటకు పెట్టాడు. ఆడవాళ్ళందరూ ఆలస్యంగా వచ్చారు. పెద్దాయన భార్య అందరికంటే చివర వచ్చింది. "ఆయనకిప్పుడు తొందరేముంది" అందిట. ఆయన బతికుంటే తనూ ఆలస్యంగానే వచ్చేవాడని ఊరంతా ఒప్పుకుంది.

ఇంతకూ కారణం 'తెల్లవారే తీరం' అనే సీరియల్. వారానికి అయిదు మధ్యాహ్నాలు, రోజుకొక గంట, దాదాపు యాభై ఏళ్ళపాటు సాగింది. మా ఊళ్ళో దాన్ని సీరియల్ అనడం మర్యాద కాదు. 'నా కథ' అనాలి. "నా కథ వేళయింది, వెళ్తా" అంటే ఎవరూ ఆపేవారు కాదు. చంటిపిల్లకు పాలవేళ అయిందన్నట్టు దారి ఇచ్చేవారు.

ఈ నియమాన్ని అందరికంటే నిష్ఠగా పాటించిన మనిషి బెర్నిస్ హ్లావ్కా. ఆమె ఏ పదవీ చేయలేదు, ఏ బహుమతీ అందుకోలేదు. పొద్దున్నే స్కూలు వంటగదిలో పిల్లలకు సూపు కాచి వడ్డించి, ఇంటికొచ్చి, ఒంటిగంటకు ముందు ఏప్రన్ విప్పి కుర్చీ వెనక వేసి కూర్చునేది. చర్చిలో మగవాళ్ళు టోపీ తీసినంత భక్తి ఉండేది అందులో.

ఆమె భర్త క్లెమ్‌ది గాజు ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర రాత్రి షిఫ్టు. లేచేసరికి మధ్యాహ్నం. ఆమెకు భోజనవేళ, అతనికి ఉదయం. ఒకే బల్ల మీద ఆమెకు టమాటా సూపూ ఉప్పు బిస్కెట్లూ, అతనికి గుడ్లూ వేయించిన బంగాళాదుంపలూ. ఇద్దరూ ఒకేసారి మెలకువగా, ఒకేచోట ఉండే గంట అదొక్కటే. ఆ గంటలో కూడా కథ నడుస్తుండగా మాట్లాడుకునేవారు కాదు. మధ్యలో ప్రకటనలు వచ్చేవి కాబట్టి అప్పుడు మాట్లాడుకునేవారు. వాళ్ళ కాపురమంతా సబ్బు ప్రకటనల సందుల్లో సాగిందనాలి.

గురువారం సాయంత్రం ఆర్డెల్ బ్యూటీ పార్లర్‌లో సభ జరిగేది. జుట్టు ఆరబెట్టే పెద్ద డ్రయ్యర్ల కింద తలలు పెట్టుకున్నవాళ్ళకు వినపడదు కనుక అభిప్రాయాలన్నీ అరుపుల్లోనే ఉండేవి.

"పడవ పేలిపోయింది కదే! ఇంక డాక్టర్ హాలిస్ ఎక్కడ బతికుంటాడు?"

"శవం చూపించారా?" బెర్నిస్ అడిగేది.

"బూటు చూపించారు."

"బూటు శవం కాదమ్మా. శవం చూపించలేదంటే నటుడు జీతం పెంచమన్నాడని అర్థం. చూపించారంటే రెండోసారి అడిగాడని."

రచన మీద ఆమె అభిప్రాయాలు ఇలాంటివి చాలా ఉండేవి. సోమవారం రాసేవాడికి నిద్రమత్తు, శుక్రవారం వాడికి పూనకం. పాత్రలు ఉన్నట్టుండి లాయర్లలా మాట్లాడుతున్నాయంటే రాసేవాణ్ణి మార్చారన్నమాట. ఇక మతిమరుపు కథలంటే ఆమెకు పరమ అసహ్యం. "సోమరిపోతులు రాసేది అది. తలకు దెబ్బ తగిలింది, అన్నీ మరిచిపోయింది. మూడు నెలలకు ఇంకో దెబ్బ తగిలింది, అన్నీ గుర్తొచ్చాయి. మధ్యలో ఉన్నవాళ్ళు ఏం తిన్నారో, ఎలా పడుకున్నారో ఒక్కడూ రాయడు."

కథకు రాణి లాంటిది రోవీనా. నలుగుర్ని పెళ్ళాడి, ముగ్గుర్ని క్షమించి, ఒకణ్ణి తుపాకీతో కాల్చిన మనిషి. కాల్చడం న్యాయమా కాదా అన్నదాని మీద పార్లర్ రెండుగా చీలింది. న్యాయమే అన్నవాళ్ళకు పార్లర్ నడిపే ఆర్డెల్ జుట్టు బాగా దువ్వేదని కిట్టనివాళ్ళు అనేవారు.

ఇలాంటి కథల్లో ఒక ఆచారం ఉంది. నటి మానేసినంత మాత్రాన పాత్రను చంపరు. మర్నాడు వేరే ఆవిడ అదే తలుపు తీసుకుని లోపలికి వస్తుంది. వెనక నుంచి ఒక గంభీరమైన గొంతు "ఇకనుంచి రోవీనా పాత్రలో ఫలానావారు" అంటుంది. తక్కిన పాత్రలన్నీ ఏమీ జరగనట్టే "కాఫీ తాగుతావా రోవీనా" అంటాయి. చూసేవాళ్ళూ అలాగే అనాలి. మా ఊరివాళ్ళు దీనికి సొంతంగా ఒక నిబంధన చేర్చుకున్నారు. కొత్త ముఖానికి ఆరు వారాలు గడువు. ఆ లోపల ఎవరూ ఏమీ అనకూడదు.

ఎనభై మూడులో మొదటి రోవీనా మానేసి, రెండో రోవీనా తలుపు తీసుకుని వచ్చిన రోజు క్లెమ్ ఫోర్కు కింద పెట్టేశాడు.

"ఎవరీమె?"

"రోవీనా."

"కాదు."

"గొంతు చెప్పింది కదా."

"గొంతుదేముంది? రోవీనా తలుపు వేసేటప్పుడు వెనక్కి చూడదు. ఈమె చూసింది."

"ఆరు వారాలు ఆగు."

"ఆగితే? ఆమె ముఖం మారుతుందా?"

"నువ్వు మారతావు" అంది బెర్నిస్. "ఇల్లు అదే, మాటలు అవే, మొగుడు వాడే. తలుపు తీసుకుని లోపలికొచ్చిన మనిషిని రోవీనా అనడానికి నీకేం పోయింది?"

క్లెమ్ మారలేదు. ఆవిడ తెర మీద ఉన్నంతసేపూ పేపరు అడ్డం పెట్టుకునేవాడు. రిటైరైన తర్వాత కూడా పెట్టుకున్నాడు. పేపరు వెనకనుంచి వినేవాడన్న సంగతి బెర్నిస్‌కు తెలుసు, ఎందుకంటే ప్రకటనలు రాగానే కొత్త రోవీనా తప్పులన్నీ వరసగా చెప్పేవాడు.

ఏళ్ళు గడిచాయి. ఫ్యాక్టరీ మూతపడింది. క్లెమ్ ముందు తాళంచెవులు ఎక్కడ పెట్టాడో మరిచాడు, తర్వాత వీధుల పేర్లు. కారు తోలడం మానిపించారు. ఒక బుధవారం ప్రకటనల వేళ అతను బెర్నిస్ వైపు తిరిగి, చాలా మర్యాదగా అడిగాడు.

"మేడమ్, మిమ్మల్నొక మాట అడగొచ్చా?"

పెళ్ళయిన నాటినుంచి క్లెమ్ ఆమెను మేడమ్ అనలేదు. ఎగతాళికి కూడా అనలేదు.

"అడుగు" అంది.

"ఏమీ అనుకోకండి. మీరు బాగానే చేస్తున్నారు. కానీ ఆవిడ ఎందుకు మానేసింది?"

"ఎవరు?"

"బెర్నిస్. పాతావిడ."

బెర్నిస్ మొదట నవ్వింది. క్లెమ్ కూడా మర్యాదకు నవ్వాడు. ఆ నవ్వు చూశాక ఆమె నవ్వు ఆగిపోయింది. అపరిచితులను చూసి నవ్వేటప్పుడు అతను అలాగే ఒక పక్కకు నవ్వేవాడు. ప్రకటనలు అయిపోయాయి. అతను తెర వైపు తిరిగాడు. ఆ రోజు కథలో ఏం జరిగిందని గురువారం పార్లర్‌లో అడిగితే బెర్నిస్ చెప్పలేకపోయింది. అలా జరగడం అదే మొదలు.

మర్నాడు పెళ్ళి ఫోటో తెచ్చి అతని ఒళ్ళో పెట్టింది. "ఇదిగో చూడు. ఇది నేను."

క్లెమ్ ఫోటోను వెలుతురులోకి తిప్పి చూశాడు. "ఆవిడే. ఎంత బాగుండేదో చూడండి." తర్వాత ఆమెను ఒకసారి, ఫోటోను ఒకసారి చూసి, నొప్పించకుండా అన్నాడు: "మీరూ పోలికలు బాగానే పట్టుకున్నారు. గడ్డం దగ్గర కొంచెం తేడా."

"ఆవిడ ఎందుకు మానేసిందనుకుంటున్నావు?"

"పేరొచ్చాక అందరూ అంతే మేడమ్. కాలిఫోర్నియా వెళ్ళిపోయుంటుంది."

డాక్టరు మెదడు బొమ్మలు చూపించి వివరించాడు. ఇది రోజురోజుకూ పెరిగేదే గాని తగ్గేది కాదన్నాడు. ఇంకో దెబ్బ తగిలితే తిరిగొచ్చే రకం కాదన్నమాట.

"పెనంతో ఒకటి వేసి చూడవే, పోయేదేముంది" అంది ఆర్డెల్, గురువారం, ఆమె తలకు క్లిప్పులు పెడుతూ.

"నలభై ఏళ్ళనించీ వెయ్యాలనే ఉంది. ఇప్పుడు వేస్తే ఎవరు వేశారో కూడా వాడికి తెలీదు."

"పోనీ ఆరు వారాలు ఆగమని చెప్పు. మన నిబంధన ఉందిగా."

బెర్నిస్ గట్టిగా నవ్వింది. నవ్వుతూనే డ్రయ్యర్ కిందికి వెళ్ళింది. మా ఊళ్ళో డ్రయ్యర్ కింద ఏడ్చేవాళ్ళను ఎవరూ చూడరు. అది కూడా ఏ చట్టంలోనూ లేని నియమమే. బయటికొచ్చాక ముక్కు తుడుచుకుని ఆర్డెల్‌తో అంది:

"నాకు పెద్ద కోరికలేం లేవే. ఒక్కసారి నన్ను నేనని చూస్తే చాలు. 'ఏయ్ బెర్నిస్, కాఫీ చల్లారిపోయింది, నీకు బుద్ధుందా' అని తిట్టినా చాలు. వాడు పోయేలోపల ఒక్కసారి."

ఆర్డెల్‌కు చెప్పడమంటే ఊరికి చెప్పడమే. ఆ వారం నుంచి బెర్నిస్‌ను రొట్టెల షాపులో చూసిన ప్రతివాళ్ళూ "ఏమన్నా గుర్తుపట్టాడా?" అని అడిగేవారు. ఆమె తల అడ్డంగా ఊపేది. వాళ్ళు తమ కొనుగోళ్ళు చూసుకునేవారు.

చిక్కేమిటంటే క్లెమ్‌కు కొత్తావిడతో ఏ తగువూ లేదు. రెండో రోవీనాకు దక్కని మన్నన ఈమెకు దక్కింది. కుర్చీ జరిపేవాడు. సూపు బాగుందనేవాడు. కాపురంలో ఏనాడూ సూపు బాగుందనని మనిషి. దానికి తోడు పాతావిడ గురించి పొగుడుతూనే ఉండేవాడు.

"పాతావిడ మెట్లు దిగుతూ పాడేది మేడమ్. పాడటం రాదు. అయినా నేను నిద్రలేచింది ఆ పాటకే. అలారం పెట్టుకోలేదు ఏనాడూ."

"ఆ సంగతి ఆమెకు చెప్పావా?"

"ఎందుకు చెప్పాలి?" అన్నాడు క్లెమ్ ఆశ్చర్యపోతూ. "మనం టీవీ ముందు కూర్చున్నవాళ్ళం. మనం చెబితే వాళ్ళకు వినపడుతుందా?"

బెర్నిస్ వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి, సింకు ముందు నిలబడి ఆ పొగడ్తలన్నీ తలుచుకునేది. అవి తనవే. కానీ ఒక్కటి కూడా తనకు ఇచ్చినవి కావు. తన మీద తనకే అసూయ పుట్టడం ఏ రచయితా రాయలేదని, రాసి ఉంటే తనే ఒప్పుకునేది కాదని ఆర్డెల్‌తో అంది.

ఎండలు మొదలైన రోజుల్లో ఒక మధ్యాహ్నం క్లెమ్ పాతావిడ కథలో ఒక లోపం పట్టుకున్నాడు.

"అంతా బాగా రాశారు గానీ మేడమ్, అరవై ఎనిమిదిలో ఒక ముక్క ఉంది. అది సరిగా రాయలేదు."

బెర్నిస్ చేతిలో చెంచా ఆగింది. "ఏ ముక్క?"

"ఆవిడ సంచి సర్దుకుని బఫెలోలో అక్కగారింటికి వెళ్ళిపోయింది. ఆకులు రాలే కాలమంతా అక్కడే ఉంది. తర్వాత ఒక మధ్యాహ్నం తలుపు తీసుకుని లోపలికొచ్చి, సూపు వేడిచేసుకుని, కూర్చుని కథ చూసింది. ఎందుకు వెళ్ళిందో చెప్పలేదు. ఎందుకు వచ్చిందో చెప్పలేదు. చూసేవాడికి ఏం అర్థమవుతుంది? రాసేవాడికి బాధ్యత ఉండొద్దూ?"

టీవీలో రెండో రోవీనా ఎవరితోనో గొడవపడుతోంది. క్లెమ్ పేపరు అడ్డం పెట్టుకోలేదు. బెర్నిస్ లేచి టీవీ శబ్దం తగ్గించింది. కథ నడుస్తుండగా ఆమె శబ్దం తగ్గించడం ఆ ఇంటి చరిత్రలో అదే మొదటిసారి.

"నాకు రాసిచ్చిన కాగితాల్లో ఉంది" అంది.

"ఉందా? ఏముంది?"

"పాప పుట్టింది. ఏడవలేదు. పుట్టడమే అలా పుట్టింది. మర్నాడు పాతిపెట్టారు. చిన్నపెట్టె. వాన. ఆ సాయంత్రం ఆమె మొగుడు డబ్బాలో రొట్టె పెట్టుకుని ఫ్యాక్టరీకి వెళ్ళాడు. తలుపు వేసేటప్పుడు వెనక్కి చూడలేదు. ఆమె మంచం మీదనుంచి ఆ తలుపు చూస్తూ ఉంది."

క్లెమ్ గుడ్ల పళ్ళెం పక్కకు జరిపాడు.

"ఈ ముక్క మాకు చూపించలేదు" అన్నాడు. "చూపించాల్సింది."

"ఆమె కూడా చెప్పలేదు."

"ఆ మొగుడు ఆమె వెనక వెళ్ళాల్సింది. బఫెలో ఎంత దూరం? బస్సుంది."

"ఎందుకు వెళ్ళలేదంటావు?"

కథ మీద ఏదన్నా అడిగితే క్లెమ్ ఆషామాషీగా జవాబు చెప్పేవాడు కాదు. చేతులు బల్ల మీద పరిచి ఆలోచించాడు. "వాడికి మాటలు రాసివ్వలేదు మేడమ్. రాసివ్వకపోతే పాపం ఏం మాట్లాడతాడు? రాత్రంతా కొలిమి. పగలు నిద్రపట్టదు. అందుకని ఒంటిగంటకు లేచి టీవీ ముందు కూర్చున్నాడు. అంతకుముందు వాడికీ కథకూ సంబంధం లేదు. ఆడవాళ్ళ గోల అనేవాడు. ఆమె తిరిగొచ్చినప్పుడు, నువ్వు లేనప్పుడు ఇదీ ఇదీ జరిగిందని చెప్పాలిగా. ఒక్క రోజు కూడా వదలకుండా చూశాడు."

బెర్నిస్‌కు గుర్తొచ్చింది. తిరిగొచ్చిన ఆ మధ్యాహ్నం ప్రకటనలు రాగానే క్లెమ్ నోరు తెరిచాడు. హాలిస్ ఎవరికి విషం పెట్టాడో, రోవీనా ఏ కోటు వేసుకుందో, ఎవరు ఎవరి కొడుకో, ప్రకటనలు వచ్చినప్పుడల్లా వారంరోజులపాటు చెబుతూనే ఉన్నాడు. ఆమెకు అప్పుడు ఒళ్ళు మండిపోయింది. బిడ్డ మాట ఎత్తకుండా సీరియల్ చెబుతాడేమిటీ మనిషి అనుకుంది. అనుకుని, నలభై ఏళ్ళకు పైగా అదే అనుకుంటూ ఉంది. ఆ తర్వాత వాళ్ళకు పిల్లలు పుట్టలేదు.

"నువ్వు చెప్పింది బాగుంది" అంది బెర్నిస్. "రాసేవాడికంటే నువ్వే నయం."

"ఎన్నేళ్ళనుంచి చూస్తున్నాను మేడమ్!" అన్నాడు క్లెమ్, కొంచెం గర్వంగా.

ఆ వేసవిలోనే పిడుగులాంటి వార్త వచ్చింది. 'తెల్లవారే తీరం' ఆపేస్తున్నారు. పగటిపూట ఇళ్ళల్లో ఎవరూ ఉండటం లేదని, ఉన్నవాళ్ళు సబ్బులు కొనడం లేదని కంపెనీవాళ్ళ వాదన. పార్లర్‌లో ఆగ్రహం పెల్లుబికింది. వాషింగ్టన్‌కు పిటిషన్ పెడదామన్నారొకరు. యాభై ఏళ్ళ కథను అలా గొంతు నులిమి చంపడం హత్యేనన్నారు ఇంకొకరు. బెర్నిస్ మాత్రం "శవం చూపిస్తారేమో చూడాలి" అంది.

చివరి వారం మంగళవారం నాడు, ఎవరూ అనుకోకుండా, మొదటి రోవీనా తిరిగొచ్చింది. రెండో ఆవిడ ఏమైందో ఎవరూ వివరించలేదు. తలుపు తెరుచుకుంది. ముసలిదైపోయింది, కానీ జుట్టు మాత్రం ఆ రోజుల్లోలాగే ఎత్తుగా చుట్టి, చెవుల దగ్గర ముందుకు వంచి, రాగిరంగు వేసుకుంది. తలుపు వేసేటప్పుడు వెనక్కి చూడలేదు.

క్లెమ్ కుర్చీలోంచి సగం లేచాడు. "రోవీనా! వచ్చింది! మేడమ్, చూశారా, నిజం రోవీనా!"

తన పుట్టినరోజు తెలియని మనిషి, తన వీధి తెలియని మనిషి, ముప్పై ఏళ్ళనాటి ముఖాన్ని ముడతలన్నిటితో సహా ఒక్క క్షణంలో పట్టేశాడు. బెర్నిస్ ఆ రాగిరంగు జుట్టునే చూస్తూ ఉండిపోయింది.

గురువారం పార్లర్‌లో ఆర్డెల్ "మామూలేగా?" అని అడిగితే, "కాదు. అరవై ఎనిమిదిలో నా జుట్టు ఎలా ఉండేదో అలా" అంది.

"ఏమే, నీకూ మతిపోయిందా? ఇప్పుడున్న వెంట్రుకలతో ఆ గోపురం నిలబడుతుందా?"

"నిలబెట్టు. రేపు గంటసేపు నిలబడితే చాలు."

ఆర్డెల్ లోపలి గదిలోంచి జుట్టు చుట్టే పాత రోలర్లు తీసింది. రంగు కలిపింది. వరసలో ఉన్నవాళ్ళు తమ వంతు గురించి అడగలేదు. పని అయ్యాక అద్దం వెనక పెట్టి చూపించింది. బెర్నిస్ చూసి, "మా అమ్మలా ఉన్నాను" అంది.

"మీ అమ్మ రంగు వేసుకుంటే ఊళ్ళోంచి వెళ్ళగొట్టేవారు" అంది ఆర్డెల్, స్ప్రే డబ్బా ఇంకోసారి తిప్పుతూ.

శుక్రవారం ఒంటిగంటకు ముందు బెర్నిస్ సూపు, గుడ్లు బల్ల మీద పెట్టి, తలకు కట్టుకున్న గుడ్డ విప్పకుండానే వంటింటి తలుపు గుండా పెరట్లోకి వెళ్ళింది. అప్పటి నీలం గౌను వేసుకుంది. అది వెనక బొత్తాలు పట్టకపోతే పైన కోటు కప్పింది. సంగీతం మొదలవడం కిటికీలోంచి వినిపించింది. గుడ్డ విప్పి, ఇంటిని చుట్టి వచ్చి, ముందు తలుపు తీసుకుని లోపలికి వచ్చింది. తలుపు వేసేటప్పుడు వెనక్కి చూడకుండా జాగ్రత్తపడింది.

క్లెమ్ తల తిప్పి చూశాడు. చూస్తూనే ఉన్నాడు. తెర మీద ఎవరో పెళ్ళి ప్రమాణాలు చేస్తున్నారు.

"ఇదేనా రావడం?" అన్నాడు. "మొదలైపోయింది. కూర్చో బెర్నిస్."

ఆమె కూర్చుంది. కోటు విప్పలేదు. క్లెమ్ మామూలుగా గుడ్లు తింటూ, కళ్ళు తెర మీదనుంచి తీయకుండా, ఉప్పు డబ్బా ఆమె వైపు జరిపాడు. అతని చేయి అక్కడే ఉంటే దాని మీద ఆమె చేయి వేసింది. అతను తీసుకోలేదు. ప్రకటనలు వచ్చేదాకా అలాగే చూశారు. ఆమెకు మెడ నొప్పి పుట్టింది, జుట్టు కదులుతుందని తల తిప్పలేదు.

ప్రకటనలు వచ్చాయి. క్లెమ్ వంటింటి వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు.

"నీతో ఒక మాట. నువ్వు లేనప్పుడు ఒకావిడ చేసింది. ఆవిణ్ణి తీసెయ్యొద్దని వాళ్ళకు చెప్పు."

"ఎందుకూ?"

"పెద్దావిడ, పాపం. ఈ వయసులో ఇంకెక్కడా వేషాలు దొరకవు." కాస్త ఆగాడు. "మంచిది. ఏదన్నా అడిగితే చెబుతుంది. నువ్వు చెప్పేదానివి కాదు."

బెర్నిస్ జవాబు చెప్పడానికి నోరు తెరిచింది గాని, సబ్బు ప్రకటన అయిపోయి సంగీతం వచ్చింది.

చివరి ప్రకటనల వేళ క్లెమ్ కాఫీ కప్పు ఎత్తి చూశాడు. ఖాళీగా ఉంది. ఆమె కప్పు తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది. కాఫీ పోసింది. పోసి, కప్పు పట్టుకుని నిలబడింది. ముందు గదిలో ఒక కుర్చీ ఆమెకోసం ఉంది. అందులో కథ అయిపోయేదాకా బెర్నిస్‌గా కూర్చోవచ్చు. అంతకంటే ఎక్కువ జుట్టు కూడా నిలబడదు. ఆమె కప్పు కింద పెట్టి, కోటూ నీలం గౌనూ విప్పి, రోజూ వేసుకునే గౌనూ స్వెటరూ వేసుకుని, తల మీద గుడ్డ కట్టుకుంది. గుడ్డ కింద గోపురం పక్కకు ఒరిగింది.

ఆమె కాఫీ తెచ్చేసరికి క్లెమ్ ముఖం వెలిగిపోతోంది.

"మేడమ్, అయ్యో, ఒక్క నిమిషం ముందు రావలసింది. ఆవిడ వచ్చింది."

"చూశాను. తలుపు దగ్గర ఎదురైంది."

"మీ ఉద్యోగం గురించి మాట్లాడాను. ఏం భయం లేదు."

"మంచి పని చేశావు" అంది బెర్నిస్. "ఆమె ఎలా ఉంది?"

క్లెమ్ కాఫీ తాగాడు. చల్లారలేదు. తెర మీద రోవీనా రేవులో నిలబడి, సరస్సు వైపు చూస్తూ ఏదో చెబుతోంది. అంతవరకు కథలో వచ్చిన వాళ్ళ పేర్లన్నీ ఆమె మీదుగా కిందనుంచి పైకి పోతున్నాయి.

"బాగుంది" అన్నాడు. "అలిసిపోయినట్టుంది."

ఆ తర్వాత అతను ఆమెను ఆ పేరుతో పిలవలేదు. ఎప్పుడైనా గుర్తుపట్టాడా అని ఇప్పటికీ మా ఊళ్ళో ఎవరైనా అడిగితే ఆర్డెల్ తనే జవాబు చెబుతుంది, బెర్నిస్‌ను చెప్పనివ్వదు. క్లెమ్ ఆ చలికాలం దాటలేదు.

కథ అయిపోయిన తర్వాతి సోమవారం ఒంటిగంటకు ఆ చానల్లో వంటల కార్యక్రమం మొదలైంది. మొదటి రోజు గుమ్మడికాయ సూపు ఎలా చేయాలో చూపించారు.